కాటన్ దొర ఇంటిపేరులో ఉన్నది పత్తేనా?

డెర్బీ తెలుగు రాశారు:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్కూల్లో ఇంజనీర్ల మీద ప్రాజెక్టు చేస్తోంది, సర్ ఆర్థర్ కాటన్‌ని ఎంచుకుంది. మాది అమలాపురం వైపు, కాబట్టి ఆనకట్ట సంగతులు చెప్పడానికి నాకు ఇబ్బంది లేదు. క్లాసులో పిల్లలకు మాత్రం పేరు దగ్గరే అనుమానం వచ్చిందట, ఆయన తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్ళా అని. నాకూ చిన్నప్పటి నుంచి అదే అనుమానం. పైగా ఇక్కడ ఇంగ్లండ్‌లో, డెర్బీ నుంచి దక్షిణంగా కారులో వెళ్తే కోటన్ ఇన్ ది ఎల్మ్స్ అనే పల్లె తగులుతుంది. స్పెల్లింగులో ఒక్క 'టి' తేడా, అంతే. ఆ ఊరి పేరుకీ దొర పేరుకీ చుట్టరికం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

కాలవ గట్టు రాశారు:

నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మా ఆఫీసులో కూడా ఈ మాట ఎన్నోసార్లు వచ్చింది. కాటన్ గారి వంశం చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులోని కంబర్‌మియర్‌ది. చెషైర్ పక్కనే లాంకషైర్, పత్తి మిల్లుల సీమ. అందుకని పేరు పత్తి నుంచే వచ్చిందని మావాళ్ళు గట్టిగా నమ్మేవారు. కానీ కాలం కుదరదు. లాంకషైర్‌లో మిల్లులు లేచింది 18వ శతాబ్దం చివర్లో. కంబర్‌మియర్ మఠం కాటన్‌ల చేతికి వచ్చింది ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ మూయించినప్పుడు, అంటే 1530ల చివర. అది తీసుకున్న జార్జ్ కాటన్ అప్పటికే కాటన్. మిల్లు కంటే పేరు రెండున్నర శతాబ్దాలు పెద్దది. ఇక పేరు ఎక్కడ పుట్టిందన్నది భాష తెలిసినవాళ్ళు చెప్పాలి.

పాతలిపి రాశారు:

డెర్బీ తెలుగు గారూ, మీరు చూసిన బోర్డులోనే సమాధానం ఉంది.

పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, చిన్న ఇల్లు, పాక. మనుషులుండేది కావచ్చు, గొర్రెలను తోలేది కావచ్చు, పావురాలకు కట్టింది కావచ్చు. ఇప్పటికీ డవ్‌కోట్ అంటే పావురాల గూడే. కాటేజ్ కూడా ఈ వేరు నుంచే వచ్చింది, కాకపోతే ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను ఏలిన నార్మన్ల ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది.

ఈ మాటకు బహువచనంలో, 'దగ్గర' అనే అర్థం వచ్చే విభక్తి చేరితే 'కొటుమ్' అయ్యేది. 'ఎట్ కొటుమ్' అంటే గుడిసెల దగ్గర. ఊరు ఎక్కడ అంటే "గుడిసెల దగ్గర" అని చెప్పడం అలవాటై, అదే ఊరి పేరుగా నిలిచిపోయింది. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు విభక్తులు అరిగిపోయాయి. కొటుమ్ కాస్తా కొటెన్ అయింది, కోటన్, కాటన్ అయింది. కొన్నిచోట్ల చివరి 'మ' నిలబడింది కూడా. నాటింగమ్‌షైర్‌లో, లాంకషైర్‌లో ఉన్న కాటమ్ అనే ఊళ్ళు అవే. కాటమ్ అనే ఇంటిపేరు ఇప్పటికీ ఉంది.

దుస్తుల కాటన్ దారి పూర్తిగా వేరు. అరబ్బీ 'ఖుత్న్' నుంచి పాత ఫ్రెంచి 'కోటన్' మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో గుడిసెల ఊళ్ళు పుట్టేనాటికి అక్కడివాళ్ళు కట్టింది ఉన్ని, నార. రెండు మాటలూ చెరో దిక్కు నుంచి నడిచొచ్చి ఒకే స్పెల్లింగు దగ్గర కలిశాయి. చుట్టరికం ఏమీ లేదు.

కేంబ్రిడ్జి పక్కన ఒక కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కోటన్ ఇన్ ది క్లే, ఇంకా చిన్నాచితకా చాలా ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని గుర్తుపట్టడానికే "ఎల్మ్ చెట్లలోది", "బంకమట్టిలోది" అని తోకలు తగిలించారు.

లంకల మాస్టారు రాశారు:

పాతలిపి గారు చెప్పింది చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. తెలుగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి, ఒక్క మాట చెప్పకుండా ఉండలేను.

మన ఇంటిపేర్లు సరిగ్గా ఇలాగే పుట్టాయి. కందుకూరు ఊరి పేరు, కందుకూరి ఇంటిపేరు. వేటూరు, వేటూరి. పాడు అని ముగిసే ఊళ్ళు ఇంటిపేర్లలో 'పాటి' అవుతాయి. చివర మారిన ఆ అక్షరమే వ్యాకరణంలో ఔపవిభక్తికం. ఊరు, ఊరి. ఇల్లు, ఇంటి. కన్ను, కంటి. విడిగా చూస్తే "కందుకూరి" అనేది పూర్తి మాట కూడా కాదు. ఫలానా ఊరికి చెందిన అని సగంలో ఆగిన మాట. తర్వాత రావలసిన పదం రాలిపోయి, ఆ విభక్తి ముక్కే తరతరాలుగా వంశానికి గుర్తయింది. ఇంగ్లీషువాళ్ళ 'ఉమ్' కూడా అంతేనన్నమాట. మాట్లాడే భాషలో విభక్తి పోయి వందల ఏళ్ళయింది, పేరులో మాత్రం దాని ఆనవాలు మిగిలింది.

కందుకూరి వీరేశలింగం పంతులు గారు పుట్టింది రాజమండ్రిలో, 1848లో. అప్పటికి ఆనకట్ట పని మొదలై ఏడాది. కందుకూరు ఎక్కడ, రాజమండ్రి ఎక్కడ? పూర్వీకులు అక్కణ్ణించి వచ్చారు కాబట్టి ఆ పేరు. కందుకూరులోనే ఉండిపోయినవాణ్ణి ఎవరూ కందుకూరివాడు అని పిలవరు కదా. ఊరు వదిలినవాడికే ఊరి పేరు అంటుకుంటుంది.

పాతలిపి రాశారు:

మాస్టారూ, మీ ఆఖరి మాట ఇంగ్లండ్‌కి ఎంత చక్కగా సరిపోతుందో! అక్కడ 1066లో నార్మన్లు వచ్చాక ముందు పెద్ద భూస్వాములకు వంశపారంపర్య పేర్లు స్థిరపడ్డాయి. మామూలు జనానికి చేరేసరికి దాదాపు 1400 అయింది. ఊరు మారిన రైతుకు పాత ఊరి పేరు అంటుకునేది. భూస్వామికైతే ఊరు వదలకపోయినా అంటుకునేది, ఎందుకంటే ఆ ఊరు అతనిది. అందువల్ల "కోటన్‌వాడు" అని పాత పత్రంలో కనబడితే, ఊరిని ఏలినవాడా, ఊరి నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చినవాడా అన్నది పేరు ఒక్కదాన్ని బట్టి తేల్చలేం.

కోటన్‌లు చాలా ఉన్నాయి కాబట్టి కాటన్ ఇంటిపేరు కూడా చాలాచోట్ల విడివిడిగా పుట్టింది. ఇద్దరు కాటన్‌లు కనిపించగానే ఒకే వంశం అనుకోకూడదు.

విభక్తి మిగిలిపోయిన పేర్లు ఇంకా చూడండి. యార్క్ పక్కన ఏకమ్ అనే ఊరుంది, "ఓక్ చెట్ల దగ్గర" అని. న్యూసమ్ అంటే "కొత్త ఇళ్ళ దగ్గర". ఇవీ 'ఉమ్' పేర్లే. ఇంకో రకంలో ముందున్న 'ఎట్' అనే మాటే పేరుకు అతుక్కుంది. ఎట్‌వుడ్, ఎట్‌వెల్ అలా వచ్చాయి. 'ఎటెన్ యాష్' అంటే యాష్ చెట్టు దగ్గర. జనం నోట్లో ఆ 'న' కుడివైపుకి జరిగి నాష్ అయింది. నోక్స్ కూడా అంతే, ఓక్ చెట్ల పేరే.

పరిశీలకుడు రాశారు:

ఇంత చర్చ జరుగుతోంది, అసలు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. కాట్ అంటే గుడిసె. సంస్కృతంలో కుటి, కుటీరం అన్నా గుడిసే. రెండూ ఒకే మూలం అని ఎదురుగా కనబడుతోంది కదా? దంత అంటే టూత్, మాతృ అంటే మదర్ అయినప్పుడు ఇది మాత్రం ఎందుకు కాకూడదు?

పాతలిపి రాశారు:

అడగవలసిన ప్రశ్నే అండి. మీరిచ్చిన దంత ఉదాహరణతోనే పట్టుకుందాం.

సంస్కృతం, ఇంగ్లీషు ఒకే కుటుంబం. కానీ ఇంగ్లీషు ఉన్న జర్మానిక్ కొమ్మలో హల్లులు ఒక పద్ధతి ప్రకారం మారాయి. సంస్కృతంలో 'ద' ఉన్నచోట ఇంగ్లీషులో 'ట' వస్తుంది. దశ, టెన్. ద్వి, టు. దంత, టూత్. అలాగే 'గ' లేదా 'జ' ఉన్నచోట 'క' వస్తుంది. గో, కౌ. జాను అంటే మోకాలు, ఇంగ్లీషులో నీ. ఈ 'నీ' స్పెల్లింగులో ముందు 'కె' ఉంది చూడండి, ఒకప్పుడు దాన్ని పలికేవారు.

ఇప్పుడు 'కాట్' తీసుకోండి. దానికి సంస్కృతంలో తోబుట్టువు ఉంటే ముందు 'గ' గానీ 'జ' గానీ, చివర 'ద' ఉండాలి. కుటిలో ఉన్నవి క, ట. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటేనే ఇక్కడ అనుమానించాలి. నిజమైన చుట్టాలు ఇన్ని వేల ఏళ్ళ తర్వాత అంత ఒకేలా ఉండరు. పైగా కుటి మూలం ద్రావిడమేనని చాలామంది పండితుల మాట. మన గుడి, గుడిసె ఆ వైపువే.

రైల్వే క్వార్టర్స్ రాశారు:

చిన్న సందేహం. ఇంట్లో మంచాన్ని కాట్ అంటాం కదా, హాస్పిటల్లో కూడా కాట్ నంబర్ అంటారు. అదీ ఈ గుడిసె మాటేనా?

పాతలిపి రాశారు:

కాదండి, అది మన దేశం నుంచే అక్కడికి వెళ్ళింది. హిందీ 'ఖాట్'. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ నేర్చుకుని పట్టుకెళ్ళారు. అంటే గుడిసె కాట్ వాళ్ళది, మంచం కాట్ మనది, పత్తి కాటన్ అరబ్బులది.

రెడింగ్ నుంచి రాశారు:

నేను ఉండే చోటు చుట్టూ ఈ గుడిసెలే. రోజూ ట్రైన్‌లో డిడ్‌కాట్ మీదుగా వెళ్తాను, చర్చ చూశాక దాని గురించి చదివాను. డుడ్డా అనేవాడి గుడిసెలట. గుర్రప్పందాల ఆస్కాట్ అంటే తూర్పు గుడిసెలు. రాణులు, రాజులు టోపీలు పెట్టుకుని వచ్చే చోటు పేరు అది! కాల్డికోట్ అని అయితే చాలా జిల్లాల్లో ఉన్నాయి. చల్లని గుడిసెలు అని అర్థం, నిప్పు లేని బస అన్నమాట.

నాకొక ప్రశ్న. ఇవన్నీ మరీ పేద ఊళ్ళా? ఊరు అన్నాక ఇళ్ళుంటాయి. "గుడిసెలు" అని ప్రత్యేకంగా ఎందుకన్నారు?

పాతలిపి రాశారు:

పెద్ద ఊరికి అనుబంధంగా, కొంచెం ఎడంగా వెలిసినవి ఇవి చాలావరకు. 1086లో విలియం రాజు వేయించిన డూమ్స్‌డే లెక్కల్లో 'కొటారీ' అని ఒక తరగతి కనిపిస్తుంది. గుడిసె, దాని పక్కన కొద్దిపాటి నేల, అంతే వాళ్ళ ఆస్తి. మిగతా బతుకు దొరగారి పొలంలో కూలి. అలాంటివాళ్ళ నాలుగు పాకలు ఒకచోట చేరితే అది కోటన్.

లంకల మాస్టారు రాశారు:

మన దగ్గర గూడెం, పాలెం అన్నట్టు. ఊరొకటి, దానికి ఎడంగా గూడెం ఒకటి. తర్వాత ఆ గూడెమే పెద్ద ఊరై కూర్చున్నవి ఎన్ని లేవు? తాడేపల్లిగూడెం, కొత్తగూడెం. పేరులో గూడెం అలాగే ఉంది, ఊరు పట్టణమైంది. ఒకే పేరున్న ఊళ్ళకు తోకలు తగిలించడం కూడా మనకు కొత్త కాదు. కొత్తపల్లులు లెక్కలేనన్ని ఉంటే, కాకినాడ పక్కదాన్ని ఉప్పాడ కొత్తపల్లి అన్నాం.

కాలవ గట్టు రాశారు:

అయితే ఇంకో సంగతి కలపాలి. ఆర్థర్ కాటన్ తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్ ఉన్నది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్‌లో. పాతలిపి గారి లెక్క ప్రకారం అది "అడవి గుడిసెలు" అవ్వాలి.

పాతలిపి రాశారు:

అంతే! అడవి పక్క గుడిసె. వుడ్‌కోట్ కాటన్ అంటే ఇంటిపేరులో గుడిసెలు, ఊరి పేరులోనూ గుడిసెలే. ఇన్నాళ్ళూ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడనేలేదు, చాలా సంతోషంగా ఉంది కాలవ గట్టు గారూ.

బరాక్ లోయ రాశారు:

నేను గువాహటిలో ఉద్యోగం. ఇక్కడ కాటన్ కాలేజీ చాలా పేరున్నది, 1901లో పెట్టారు, ఇప్పుడు యూనివర్సిటీ. తెలుగువాళ్ళు ఎవరు వచ్చినా "మన కాటన్ దొర పేరేనా" అని అడుగుతారు. కాదు, అస్సాం చీఫ్ కమిషనర్ సర్ హెన్రీ కాటన్ పేరు. 1904లో కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా ఆయనే. ఇంకోవైపు బెంగళూరు కాటన్‌పేట, ముంబై కాటన్ గ్రీన్ స్టేషన్ ఉన్నాయి. ఆ రెండూ నిఖార్సైన పత్తి పేర్లే, పత్తి వ్యాపారం వల్ల వచ్చినవి. కాబట్టి కాటన్ కనబడగానే గుడిసె అనుకున్నా తప్పే.

పాతలిపి రాశారు:

బాగా గుర్తు చేశారు. ఇంకో కాటన్ గురించి కూడా చెప్పాలి. సర్ రాబర్ట్ కాటన్, 1571లో పుట్టి 1631లో పోయారు. మఠాలు మూతపడ్డాక చెల్లాచెదురైన చేతిరాత ప్రతులను వెతికి వెతికి కూడబెట్టిన మనిషి. ఆయన గ్రంథాలయంలో ఒక్కో బీరువా పైన ఒక్కో విగ్రహం ఉండేది, చాలావరకు రోమన్ చక్రవర్తులవి. పుస్తకం చిరునామా కూడా ఆ విగ్రహం పేరే, ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో అదే గుర్తు వాడతారు. 1731లో మంటలు రేగి కొన్ని కాలిపోయాయి, చాలావాటి అంచులు మాడాయి. ఆయన కూడబెట్టినవి లేకపోతే పాత ఇంగ్లీషు గురించి మనకు తెలిసింది చాలా తగ్గిపోయేది. కాటన్ అనే పేరుకు అర్థం చెప్పే భాష ఇంకో కాటన్ దాచిపెట్టినందువల్ల కూడా దక్కింది.

పరిశీలకుడు రాశారు:

ఒప్పుకుంటాను, కానీ ఒక పట్టుదల వదలను. "పాత రూపం ఇది, అర్థం అది" అని చెప్పేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పరని ఏమిటి నమ్మకం? మన ఊళ్ళ స్థలపురాణాలు కూడా ఇంతే ధీమాగా చెబుతాయి.

పాతలిపి రాశారు:

తేడా ఉంది, అది చాలా ముఖ్యం. స్థలపురాణం ఇప్పటి పేరు విని కథ అల్లుతుంది. పేర్ల పరిశోధకుడు ఇప్పటి పేరును పక్కన పెట్టి, పాత పత్రాల్లో ఏ ఏడాది ఎలా రాశారో వరసగా పేరుస్తాడు. ఇంగ్లండ్‌లో ఈ పనికోసమే 1923లో ఒక సంఘం పెట్టి జిల్లాల వారీగా సంపుటాలు వేస్తూ వస్తున్నారు.

అలా పేర్చకపోతే ఏమవుతుందో కేంబ్రిడ్జి చూస్తే తెలుస్తుంది. కామ్ నది మీద బ్రిడ్జి కాబట్టి కేంబ్రిడ్జి అని ఎవరైనా అంటారు. పాత పత్రాల్లో అది గ్రాంటబ్రిడ్జి, నది పేరు గ్రాంటా. తర్వాత నోళ్ళలో నలిగి కాంటెబ్రిడ్జి, కేంబ్రిడ్జి అయింది. ఆ కొత్త రూపం నుంచే నదికి కామ్ అనే పేరు వచ్చింది. నాటింగమ్ 1086 లెక్కల్లో 'స్నోటింగెహామ్'. స్నాట్ అనేవాడి జనం ఉండే చోటు. ముందున్న 'స' నార్మన్ల నోట జారిపోయింది. డెర్బీ తెలుగు గారూ, మీ ఊరు కూడా వినండి. ముందు దాని పేరు నార్త్‌వర్తీ. డెన్మార్క్ వైపు నుంచి డేన్లు వచ్చి స్థిరపడ్డాక వాళ్ళ 'బీ', అంటే ఊరు, చేరి డెర్బీ అయింది. గ్రిమ్స్‌బీ, విట్‌బీ అన్నీ వాళ్ళు వదిలిన గుర్తులే.

లంకల మాస్టారు రాశారు:

పరిశీలకుడు గారు స్థలపురాణం అన్నారు కాబట్టి చెబుతున్నాను. వాటిని తీసిపారేయకండి. కల్నల్ మెకంజీ కావలి సోదరుల్లాంటి మనవాళ్ళ సాయంతో ఊరూరా రాయించిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, ఆ కథలే ఉన్నాయి. పేరు పుట్టుక తేల్చడానికి అవి చాలవు, నిజమే. కానీ ఆ రోజు ఆ ఊరి కరణం ఆ పేరును ఎలా రాశాడు, జనం ఎలా అనుకున్నారు అన్నది అందులో నమోదైంది. శాసనాలతో కలిపి చదివితే అది బంగారం. కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద శ్రద్ధగా పరిశోధన చేశారు. ప్రతి జిల్లాకూ అలా జరగాలని నా కోరిక. ముసలివాళ్ళు పోతున్నకొద్దీ చెరువుల పేర్లు, దిబ్బల పేర్లు వాళ్ళతోనే పోతున్నాయి.

రైల్వే క్వార్టర్స్ రాశారు:

మెకంజీ అన్నారు కాబట్టి, మిగతా దొరల పేర్ల సంగతి? బ్రౌన్, మన్రో?

పాతలిపి రాశారు:

క్లుప్తంగా చెబుతాను. మెకంజీ స్కాట్లండ్ గేలిక్ పేరు, కోయిన్నెఖ్ అనేవాడి కొడుకు అని. 'మాక్' అంటే కొడుకు. బ్రౌన్ అంటే జుట్టు రంగో ఒంటి రంగో చూసి పెట్టిన పిలుపు. కాటన్ ఊరి పేరు. వీటికి స్మిత్, టేలర్ లాంటి వృత్తి పేర్లు కలిపితే ఆ దీవుల ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఈ నాలుగు గంపల్లో పడతాయి. మన్రో స్కాట్లండ్‌ది, దానికి విడిగా చర్చ పెడితే బాగుంటుంది.

డెర్బీ తెలుగు రాశారు:

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మా అమ్మాయి తెగ సంబరపడుతోంది. కోటన్ ఇన్ ది ఎల్మ్స్ గురించి తనే ఇంకో సంగతి పట్టుకొచ్చింది. ఆ పల్లె దగ్గరి ఒక పొలం బ్రిటన్‌లో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటట, దాదాపు 113 కిలోమీటర్లు. కోనసీమవాళ్ళం ఇక్కడికొచ్చి చేరాం! ఇప్పుడు ప్రాజెక్టులో ఏమని రాయాలి? "కాటన్ గారి వంశం కోటన్ ఇన్ ది ఎల్మ్స్ నుంచి వచ్చింది" అనొచ్చా?

పాతలిపి రాశారు:

అలా రాయించకండి. కంబర్‌మియర్ కాటన్‌లు ష్రాప్‌షైర్ వైపు వాళ్ళు, మీ పక్కనున్నది డెర్బీషైర్ ఊరు. పేరు పుట్టిన తీరు ఒకటే, ఊరు వేరు. "కాటన్ అనే ఇంటిపేరు గుడిసెల దగ్గర అనే అర్థమున్న ఊరి పేర్ల నుంచి వచ్చింది, అలాంటి ఊరు మా ఇంటికి దగ్గర్లోనూ ఒకటి ఉంది" అంటే సరిపోతుంది. బోర్డు ఫోటో ఒకటి అంటించమనండి.

లంకల మాస్టారు రాశారు:

నాదొక చేర్పు. గోదావరి జిల్లాల్లో సంకల్పంలో కాటన్ గారిని స్మరించే శ్లోకం ఉంది కదా, "కాటనుం తం భగీరథం" అని. నిత్యం గోదావరి స్నాన పుణ్యం ఇచ్చినవాణ్ణి, ఆ ఆంగ్లేయుణ్ణి స్మరిస్తున్నాను అని. ఆ "కాటనుం" చూడండి. పాత ఇంగ్లీషు విభక్తి అరిగి 'కాటన్' అయితే, మన పండితుడు దానికి తెలుగు పద్ధతిలో 'ఉ' చేర్చి, పైన సంస్కృత ద్వితీయా విభక్తి పెట్టాడు. మీ అమ్మాయికి తెలుగు రాయడం వస్తే ఆ మాటను తెలుగు అక్షరాల్లోనే ప్రాజెక్టులో రాయించండి. క్లాసులో చదివి వినిపించమనండి.

డెర్బీ తెలుగు రాశారు:

రాయడం వచ్చు మాస్టారూ, వాళ్ళ నాన్నమ్మ నేర్పింది. శ్లోకం మొత్తం ఇక్కడ పెట్టగలరా? పొల్లు పోకుండా దిద్దించి రాయిస్తాను.